శంభుదాసుడు ఎఱ్ఱన

తెలుగు భాషలో వెలసిన కావ్యములలో ఆంధ్రమహాభారతము మిక్కిలి గొప్పది. దానిని ముగ్గురు కవులు రచించిరి. వారు వేఱువేఱు కాలములవారు, వేఱువేఱు సీమలవారు, వేఱువేఱు రాజుల ఆదరమున బ్రదికినవారు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయభట్టు ఆ మహాకార్యమును ప్రారంభించెను. 13వ శతాబ్దిలో నెల్లూరి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను తెనిగించెను. ఈ యిరువురి రచనలకును నడుమ అరణ్యపర్వములో దాదాపు సగము మిగిలిపోయెను. 14వ శతాబ్దిలో ఆ లోటును పూరించిన మహనీయుడు ఎఱ్ఱన. ఈ మువ్వురినే కవిత్రయమని తెలుగువారు గౌరవించుచున్నారు.

ఎఱ్ఱన కత్తి పట్టి యుద్ధములు చేసినవాడు కాడు. సముద్రములు దాటినవాడును కాడు. కాని శత్రువులను జయించుటకంటెను కష్టమైన పని యొకటి కలదు. అది మనస్సును జయించుట. లోకములో పాతుకొనిన భయమును లెక్కచేయక ముందుకు సాగుటయు, తన గొప్పతనమును తానే మఱుగుపఱచుకొనుటయు సామాన్యులకు సాధ్యము కావు. ఈ రెండును ఎఱ్ఱన జీవితములో కనబడుచున్నవి.

ఎఱ్ఱన స్వగ్రామము గుడ్లూరు. పూర్వము అది పాకనాటిలోనిది. నేడు కందుకూరునకు చేరువ నున్నది. అచ్చట నీలకంఠేశ్వరుని ఆలయము ప్రసిద్ధమైనది. ఎఱ్ఱన తండ్రి సూరన, తల్లి పోతమాంబ, తాత ఎఱ్ఱపోతసూరి. తాతపేరు మనుమనికి పెట్టుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. వారిది శ్రీవత్స గోత్రము, ఆపస్తంబ సూత్రము. ప్రెగ్గడ యను మాటకు మంత్రి యని యర్థము. ఆ మాట పేరునకు చేరి ఎఱ్ఱాప్రెగ్గడ యైనది. జనుల నోట అదియే ఎఱ్ఱాప్రగడ యైనది.

ఎఱ్ఱన గురువు శంకరస్వామి. గురువునందు ఎఱ్ఱనకు అపారమైన భక్తి. సంస్కృతాంధ్రములు రెండింటను ఆయన పండితుడు. శివుని సదా ధ్యానించువా డగుటచే శంభుదాసుడను పేరును ఆయనకు కలిగెను. శివభక్తుడైనను విష్ణుకథలను పరమభక్తితో వ్రాసిన కవి యాతడు. శైవులును వైష్ణవులును తమలో తాము కలహించుకొను ఆ కాలమున ఇట్టి సమబుద్ధి యుండుట గొప్ప విశేషము.

ఎఱ్ఱన జీవించిన కాలము మిక్కిలి కల్లోలమైనది. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సుల్తాను సేనల వశమయ్యెను. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను. రెండు శతాబ్దులకు పైగా వర్ధిల్లిన యొక రాజ్యము కూలిపోగా, తెలుగు నేల నేలువారు లేక చిన్నాభిన్న మయ్యెను. అగ్రహారములు చెడిపోయెను, విద్యావంతులకు ఆశ్రయము కఱవయ్యెను. అట్టి సమయమున చెదరిన బలములను చేరదీసి స్వతంత్ర రాజ్యములను నిలిపిన వీరులలో ప్రోలయ వేమారెడ్డి యొకడు. 1325 ప్రాంతమున అతడు అద్దంకిని రాజధానిగా చేసికొని రెడ్డిరాజ్యమునకు పునాది వేసెను.

అద్దంకి గుండ్లకమ్మ యొడ్డున నున్న పురాతనమైన పట్టణము. నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ ఈ నల్లరేగడి భూములగుండ ప్రవహించి తూర్పు సముద్రములో కలియుచున్నది. తెలుగు పద్యమునకు అద్దంకి పుట్టినింటి వంటిది. 848 ప్రాంతమున వెలసిన పండరంగని అద్దంకి శాసనములో తరువోజ పద్యము కలదు. మనకు దొరకిన తొలి తెలుగు పద్యశాసనములలో అది ముఖ్యమైనది. అద్దంకి కొంతకాలము గుంటూరు జిల్లాలోను, 1970 తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. నేడు ఆ ప్రాంతపు చేలలో ప్రత్తియు మిరపయు విరివిగా పండుచున్నవి. ఎఱ్ఱన కాలమునాటికి మిరప మన దేశమునకే రాలేదు. అది తరువాతి కాలమున పోర్చుగీసువారి వలన వచ్చిన పంట. ఎఱ్ఱన చూచిన అద్దంకిలో కారమునకు మిరియములే ఆధారము.

ప్రోలయ వేమారెడ్డి పరాక్రమవంతుడు మాత్రమే కాడు, ధర్మబుద్ధి కలవాడు. చెడిపోయిన అగ్రహారములను తిరిగి నిలిపెను. శ్రీశైలమునకును అహోబలమునకును వచ్చు యాత్రికుల సౌకర్యమునకై మెట్లు కట్టించెను. అతని తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లి రేవును రెడ్డిరాజ్యములో చేర్చిన యోధుడు. ఎఱ్ఱన పాండిత్యమును మొదట గుర్తించి, ఆయనను గౌరవముతో తోడ్కొనివచ్చి అన్నగారి సన్నిధిని నిలిపినవాడు ఈ మల్లారెడ్డియే. గుణవంతుని గుర్తించుట యొక గుణము; గుర్తించి పైకి తెచ్చుట మఱియొక గుణము. ఆ రెండును మల్లారెడ్డికి కలవు. నాటినుండి ఎఱ్ఱన అద్దంకి ఆస్థానమున కవియై ప్రకాశించెను.

వేమారెడ్డి కోరికపై ఎఱ్ఱన రామాయణమును తెలుగున రచించి ఆ రాజునకే అంకిత మిచ్చెను. దురదృష్టవశమున ఆ గ్రంథము కాలగర్భమున కలిసిపోయినది. పరులు తమ గ్రంథములలో ఉదాహరించిన కొలది పద్యములు మాత్రమే నేడు మిగిలియున్నవి. తాటాకులపై గంటముతో వ్రాసిన గ్రంథములను ఏండ్లు గడచినకొలది మరల మరల ప్రతులెత్తుచుండవలెను. ప్రతి యెత్తువాడు లేకున్నచో చెదలును చెమ్మయు వానిని తినివేయును. ఎంత గొప్ప రచనయైనను దానిని కాపాడుకొను జనుల శ్రద్ధపైననే నిలిచి యుండునని ఈ రామాయణము మనకు చెప్పుచున్నది.

రామాయణము తరువాత ఎఱ్ఱన హరివంశమును రచించెను. భారతమునకు అనుబంధముగా నుండు ఈ గ్రంథములో శ్రీకృష్ణుని చరిత్ర విపులముగా వర్ణింపబడినది. దీనిని గూడ ఎఱ్ఱన వేమారెడ్డికే అంకిత మొనర్చెను. కృష్ణుని బాల్యక్రీడలను, గొల్లపల్లెల జీవనమును, ఋతువుల శోభను ఆయన కనులకు గట్టినట్లు చిత్రించెను. కథను చెప్పుటతో తృప్తిపడక వర్ణనలచే దానిని అలంకరించుటలో ఎఱ్ఱన చూపిన నేర్పు తరువాతి ప్రబంధకవులకు దారిచూపినది. అందుచేతనే ఆయనకు ప్రబంధపరమేశ్వరుడను బిరుదము కలిగినది.

ఇన్ని రచనలు చేసినను ఎఱ్ఱన పేరు కవిత్రయములో చేరుటకు కారణము అరణ్యపర్వశేషము. ఆ గ్రంథము వెనుక నున్న కథ మనుష్యుల మనస్సు ఎట్లు పనిచేయునో తెలుపు చక్కని యుదాహరణము.

నన్నయ రాజరాజనరేంద్రుని కోరికపై ఆదిపర్వమును, సభాపర్వమును పూర్తిచేసి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున శరదృతువు వర్ణించుచుండగా రచన ఆగిపోయెను. ఆయన మరణించుటచే ఆగినదని కొందఱును, మతి చలించుటచే ఆగినదని కొందఱును చెప్పుకొనిరి. దాదాపు రెండువందల యేండ్ల తరువాత తిక్కన భారతరచనకు పూనుకొని, సగము మిగిలిన అరణ్యపర్వమును ముట్టక విరాటపర్వమునుండి ప్రారంభించెను. దీనితో జనుల అనుమానము బలపడెను. అరణ్యపర్వము అశుభమైనదనియు, దానిని చేపట్టినవారికి కీడు మూడుననియు ఒక ప్రతీతి వ్యాపించెను. పండితులు గూడ దానికి జంకిరి. భారతమునకు పూర్వభాగమును ఉత్తరభాగమును ఉండియు, నడుమ వంతెన తెగిన బాటవలె ఆ మహాకావ్యము నిలిచిపోయెను.

ఇట్టి భయము ఎట్లు పుట్టును? ఒక సంఘటన తరువాత మఱియొక సంఘటన జరిగినప్పుడు మొదటిది రెండవదానికి కారణమని తలచుట మనస్సునకు సహజము. నన్నయ అరణ్యపర్వమును వ్రాసెను. ఆయన రచన ఆగిపోయెను. ఈ రెంటిని ముడివేసి, పర్వము వ్రాయుటయే కీడునకు కారణమని జనులు నిశ్చయించిరి. వెనుక జరుగుట వేఱు, కారణమగుట వేఱు. ఈ భేదమును గుర్తింపనిచోట మూఢవిశ్వాసము జనించును. ఒకసారి నమ్మకము కుదిరిన పిమ్మట, మనస్సు దానికి అనుకూలమైన సంగతులనే యేఱుకొని గుర్తుంచుకొనును, ప్రతికూలమైనవానిని మఱచిపోవును. తిక్కన ఆ పర్వమును విడిచిపెట్టుట జనులకు గుర్తున్నది. నన్నయ అదే పర్వములో మూడు ఆశ్వాసములకు పైగా హాయిగా రచించి యుండుట వారికి గుర్తు రాలేదు. ఇది మనస్సు చేయు పక్షపాతము.

ఈ స్వభావము మనుష్యులకు మాత్రమే పరిమితము కాదేమోనని ఆధునిక శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ఆకలిగొన్న పావురములను పెట్టెలలో నుంచి, అవి యేమి చేసినను చేయకున్నను, నియమిత కాలమున కొకసారి వానికి గింజలు అందునట్లు ఏర్పాటుచేసెను. ఎనిమిది పక్షులలో ఆఱు వింత అలవాట్లను నేర్చుకొన్నవి. ఒకటి గిఱ్ఱున తిరుగుచుండెను. మఱియొకటి తలను పెట్టె మూలకు మాటిమాటికి ఎత్తుచుండెను. గింజలు వచ్చినప్పుడు తాము చేయుచున్న పనియే వానిని తెచ్చినదని అవి భావించినట్లు ఉన్నదని స్కిన్నర్ వ్యాఖ్యానించెను. ఆ వ్యాఖ్యానమును తరువాతి పరిశోధకులు పూర్తిగా అంగీకరింపలేదు. అయినను యాదృచ్ఛికముగా కలిసివచ్చిన రెండు విషయములను ముడివేసికొను అలవాటు మనుష్యులలో బలముగా నున్నదనుటకు సందేహము లేదు. పరీక్షనాడు ఒక చొక్కా తొడుగుకొని మంచి మార్కులు పొందిన బాలుడు ప్రతి పరీక్షకును అదే చొక్కాకై వెదకుట మనము చూచుచునే యున్నాము.

ఎఱ్ఱన ఈ ప్రతీతిని ఎఱుగనివాడు కాడు. ఆ పర్వమును చేపట్టుటలో రెండు విధములైన ప్రమాదములు ఆయన యెదుట నిలిచినవి. జనులు చెప్పుకొను కీడు మొదటిది. రెండవది అంతకంటె నిజమైనది. నన్నయకును తిక్కనకును నడుమ నిలిచి వ్రాయువాని కవిత్వమును లోకము ఆ యిరువురితోను సరితూచును. ఏమాత్రము లోపమున్నను నిందించును. భారతమును చెఱచినవాడను అపకీర్తి శాశ్వతముగా నిలుచును. కీడు కలుగునను భయమును కొట్టివేయవచ్చును గాని ఈ రెండవ భయమును కొట్టివేయుట సులభము కాదు.

భయమును పోగొట్టు మార్గమేది? దానినుండి పాఱిపోయినకొలది అది పెరుగును. సమీపించి చూచినకొలది తఱుగును. 1924లో అమెరికాయందు మేరీ కవర్ జోన్స్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని ప్రయోగముతో చూపెను. ఆమె వ్రాతలలో పీటర్ అను పేరుతో కనబడు మూడేండ్ల ప్రాయపు బాలుడు కుందేలును చూచినంతనే జడిసెడివాడు. వానికి ఇష్టమైన తినుబండారములు పెట్టుచు, కుందేలుగల పంజరమును మొదట దూరమున నుంచి, దినదినమును కొంచెము కొంచెముగా దగ్గఱకు తెచ్చిరి. తుదకు ఆ బాలుడు కుందేలును చేతితో నిమురునంతటివా డయ్యెను. భయపడవలదని చెప్పుటచేత భయము పోదు. భయపెట్టు వస్తువుతో మెల్లమెల్లగా పరిచయము చేసికొనుటచేత పోవును.

ఎఱ్ఱన రచనావిధానములోను ఇట్టి క్రమమే గోచరించును. నన్నయ ఆపిన శరదృతువర్ణనమునే అందుకొని, అదే ధోరణిలో పద్యములు చెప్పుచు, ఆ మహాకవి శయ్యతో చెలిమి చేసికొని ఆయన ముందుకు సాగెను. నన్నయ నడక గంభీరము. సంస్కృతపదముల పొందికయు, చెవికి ఇంపైన అక్షరముల కూర్పును అందు విశేషముగా నుండును. తిక్కన నడక వేఱు. తెలుగు మాటల బిగువు, పాత్రల సంభాషణలలో నాటకమునకు దగిన జీవము ఆయనకు ప్రాణము. ఎఱ్ఱన పర్వము ఆరంభమున నన్నయవలె వ్రాయుచు, పోనుపోను తన నడకను మార్చుచు, తుదకు తిక్కన విరాటపర్వము పొలిమేరను చేరునప్పటికి ఆయన శైలికి దగ్గఱ యయ్యెను. చదువువారికి ఎచ్చట ఒక కవి విడిచెనో, ఎచ్చట వేఱొక కవి పట్టెనో తెలియరాదు. రెండు నదులను కలుపు కాలువవలె ఆ రచన సాగినది.

అనుకరణము నేర్చుకొనుటకు మొదటి మెట్టు. శిశువు తల్లి పెదవులను చూచి మాటలు నేర్చును. శిల్పి కుమారుడు తండ్రి ఉలిని చూచి పని నేర్చును. అయితే గ్రుడ్డిగా అనుకరించుటకును, తెలిసి అనుకరించుటకును ఎంతయో భేదము కలదు. గ్రుడ్డిగా అనుకరించువాడు పైరూపమును మాత్రమే పట్టును. తెలిసి అనుకరించువాడు ఒక పని యట్లేల చేయబడినదో గ్రహించి, తానును అట్లే చేయగలుగును; అవసరమైనచోట మార్చుకొనగలుగును. ఇద్దఱు మహాకవుల నడకలను అభ్యసించి, రెంటిని ఒక్క గ్రంథములో సంధింపగలిగిన ఎఱ్ఱనది రెండవ తెగకు చెందిన విద్య.

ఇంతటి శ్రమపడి పూర్తిచేసిన గ్రంథమును ఎఱ్ఱన తన ప్రభువైన వేమారెడ్డికి అంకిత మీయలేదు. మూడువందల యేండ్లకు పూర్వము మరణించిన రాజరాజనరేంద్రునికే అంకిత మొనర్చెను. ఆ రాజువలన ఎఱ్ఱనకు అగ్రహారము లభింపదు, సువర్ణము లభింపదు, సభలో సన్మానము లభింపదు. అయినను ఆ రాజు కోరిన కావ్యము ఆ రాజునకే చెందవలెనని ఆయన తలచెను. నన్నయయే వ్రాసినట్లు తోచవలెనని కోరి, నన్నయ కవితారీతిని అనుసరించితినని వినయముతో చెప్పికొనెను. పర్వము తుదను ఒక్కచోట మాత్రము తన తల్లిదండ్రులను, తన ఊరిని, తన పేరును పేర్కొనెను. అదియు ఆత్మస్తుతి కొఱకు కాదు; ఈ పని చేసిన భారము తనదే యని ఒప్పుకొనుట వంటిది.

మనుష్యుని పనులకు వెనుక ప్రేరణ యుండును. కొందఱిని ధనము నడపును. కొందఱిని కీర్తి నడపును. కొందఱిని భయము నడపును. ఇవన్నియు బయటినుండి వచ్చు ప్రేరణలు. పని బాగుగా జరుగవలెనను కోరికయే కొందఱిని నడపును. ఇది లోపలినుండి పుట్టు ప్రేరణ. బయటి ప్రేరణ ఆగినచో పనియు ఆగును. లోపలి ప్రేరణకు అట్టి యాటంకము లేదు. బహుమానమీయ వీలులేని రాజునకు అంకితముగా, వేఱొక కవి పేరు నిలుచునట్లు ఎఱ్ఱన వ్రాసిన ఈ గ్రంథము లోపలి ప్రేరణకు సాటిలేని నిదర్శనము.

ఎఱ్ఱన పూరించిన భాగములోని కథలును మనోవికారములను విప్పిచూపునట్టివే. వానిలో కౌశికుని కథ యొకటి. కౌశికుడను తపస్వి చెట్టు క్రింద వేదము చదువుచుండగా కొంగ యొకటి అతనిపై రెట్టవేసెను. అతడు కోపముతో చూడగా అది చచ్చిపడెను. తరువాత అతడు భిక్షకు పోగా ఒక గృహిణి భర్తకు సేవచేయుచు ఆలస్యముగా వచ్చెను. కౌశికుడు మండిపడెను. తాను కొంగను కానని ఆమె శాంతముగా చెప్పి, ధర్మము తెలిసికొనుటకు మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుని కడకు పొమ్మనెను. చదువువలన అహంకారము పెరిగిన తపస్వికి, తల్లిదండ్రులను సేవించుచు తన వృత్తిని నిర్వహించుకొను వ్యాధుడు గురువయ్యెను. విద్య యున్నంతమాత్రాన మనస్సు వశము కాదనియు, నిగ్రహము అలవాటువలన గలుగుననియు ఈ కథ సారాంశము.

ఘోషయాత్ర కథ మఱియొకటి. అడవులలో కష్టపడుచున్న పాండవుల యెదుట తన వైభవమును ప్రదర్శింపవలెనని దుర్యోధనుడు బయలుదేరెను. కాని చిత్రసేనుడను గంధర్వునిచే బందీ యయ్యెను. ధర్మరాజు ఆజ్ఞపై పాండవులే అతనిని విడిపించిరి. ఎవరిని చిన్నబుచ్చుటకు వచ్చెనో వారి దయవలననే ప్రాణములు దక్కుటకంటె అవమానము వేఱొండు లేదు. దుర్యోధనుడు సిగ్గుచే క్రుంగి, అన్నము మాని చావనిశ్చయించెను. ఇతరులతో పోల్చుకొని సుఖించువాని సుఖము ఎంత పెళుసైనదో ఇందు తెలియుచున్నది. పరుల కష్టమును చూచి పొంగిన మనస్సే, పరుల గొప్పతనమును చూచినప్పుడు పాతాళమునకు పడును.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది యక్షప్రశ్నల ఘట్టము. దాహముతో వచ్చిన నలుగురు తమ్ములును కొలని యొడ్డున విగతజీవులై పడియుండగా, ధర్మరాజు దుఃఖమును దిగమ్రింగి యక్షుని ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. గాలికంటె వేగమైనది మనస్సనియు, గడ్డిపఱకలకంటె ఎక్కువైనది చింత యనియు ఆ కథ తెలుపును. విడిచినచో మనుష్యుని అందఱకును ప్రియుని చేయునది గర్వము. విడిచినచో వగపు కలుగనీయనిది కోపము. జయింపరాని పగవాడును కోపమే. అంతులేని రోగము లోభము. చివర ఒక్క తమ్ముని మాత్రమే బ్రదికింతునని యక్షుడు చెప్పగా, ధర్మరాజు భీమార్జునులను కోరక నకులుని కోరెను. కుంతికి తా నొక్కడు మిగిలెను. మాద్రికిని ఒక్కడు మిగులవలెనని ఆయన తలంపు. తీవ్రమైన ఉద్వేగము నడుమ గూడ న్యాయబుద్ధి చలింపకుండుటయే నిగ్రహమునకు అర్థము.

జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ 1879లో మనస్తత్త్వశాస్త్రమునకు ప్రయోగశాలను నెలకొల్పెను. నాటినుండి ఉద్వేగము, ప్రేరణ, అభ్యసనము, స్మృతి, అవధానము, మూర్తిమత్వము మొదలగు విషయములు ప్రయోగములచేతను కొలతలచేతను పరిశీలింపబడుచున్నవి. ఎఱ్ఱన శాస్త్రజ్ఞుడు కాడు. ప్రయోగములు చేసినవాడును కాడు. కాని కోపమునకును పౌరుషమునకును, సిగ్గునకును వినయమునకును, చింతకును ఆలోచనకును గల సూక్ష్మభేదములను తెలుగు మాటలలో తెలుగువారికి అయిదు శతాబ్దులకు పూర్వమే ఆయన కథలుగా చూపెను. మనోవృత్తులకు పేరు పెట్టగలిగినవాడు వానిని గుర్తింపగలడు. గుర్తింపగలిగినవాడు వానిని అదుపులో నుంచుకొనుటకు ప్రయత్నింపగలడు. ఒక భాషకు కవులు చేయు ఉపకారములలో ఇది యొకటి.

ఎఱ్ఱన రచించిన మఱియొక గ్రంథము నృసింహపురాణము. దీనిని ఏ రాజునకును గాక అహోబల నరసింహస్వామికి అంకిత మిచ్చెను. తాతయగు ఎఱ్ఱపోతసూరి స్వప్నమున కనబడి ఈ గ్రంథమును రచింపుమని ప్రోత్సహించినట్లు ఆయన అందు తెలిపెను. పగలు మనస్సులో మెలగు కోరికలును, ప్రియమైన పెద్దల జ్ఞాపకములును రాత్రి కలలలో రూపుదాల్చుట అందఱకును అనుభవమే. తాత పేరు పెట్టుకొన్న మనుమనికి తాతయే కలలో కనబడి కర్తవ్యమును బోధించుట ఆ కుటుంబమున విద్యపట్ల గల భక్తిని చాటుచున్నది. ప్రహ్లాదుని కథ ఇందలి ముఖ్యవిషయము. తండ్రి బెదరించినను, శిక్షించినను ఆ బాలుడు తన నమ్మకమును విడువలేదు. వానికి కోపము లేదు, భయమును లేదు. అరణ్యపర్వమును చుట్టుకొనిన భయమును లెక్కచేయని కవి ప్రహ్లాదుని నిర్భయత్వమును వర్ణించుట యెంతయు తగియున్నది.

ఎఱ్ఱనకు కీడు కలుగలేదు. అరణ్యపర్వము పూర్తియయ్యెను, భారతము పూర్తియయ్యెను. ఆయన రచన ముగిసినంతనే ఎన్నాళ్లనుండియో పండితులను జంకించిన ప్రతీతి బలము కోల్పోయెను. వేయి వాదములు చేయలేని పనిని ఒక్క కార్యము చేసినది. ప్రోలయ వేమారెడ్డి తరువాత రెడ్డిరాజుల రాజధాని అద్దంకినుండి కొండవీటికి మారెను. 15వ శతాబ్దిలో ఆ రాజ్యమును అంతరించెను. రామాయణము పోయినది. హరివంశము, నృసింహపురాణము, అరణ్యపర్వశేషము నిలిచినవి. ఊరూర భారతము చదివి అర్థము చెప్పు పౌరాణికులు శరదృతువు దాటి కథను విరామము లేక సాగింపగలుగుట ఎఱ్ఱన చలువయే.

కీర్తిని కోరి పనిచేసినవారిలో ననేకులను లోకము మఱచినది. తన పేరును దాచుకొని, పరుల పనిని పూర్తిచేసిన ఎఱ్ఱనను నన్నయ తిక్కనల సరసన కూర్చుండబెట్టి లోకము గౌరవించుచున్నది. భయము కలిగినప్పుడు దాని కారణమును విమర్శించుట, పెద్దల విద్యను శ్రద్ధతో అభ్యసించుట, చేసిన పనికంటె తనను గొప్పగా తలంపకుండుట అను మూడు గుణములు ఆయన జీవితమున వెలుగుచున్నవి. విద్యార్థులు అలవఱచుకొనదగిన గుణములలో ఇవి ముఖ్యమైనవి. గుండ్లకమ్మ తీరమున వెలసిన ఆ చిన్న రాజధాని వైభవము నేడు లేదు. అచ్చట వికసించిన శంభుదాసుని కవిత మాత్రము తెలుగు భాష యున్నంతకాలము నిలిచియుండును.